చెప్పేదొకటి, చేసేదొకటి

జావా భాషలో ఒక జాబితాను వరసలో పెట్టాలంటే ప్రోగ్రామర్ రాసేది ఒక్క లైను. దాంతో పేర్లు అకారాది క్రమంలోకి వస్తాయి, ధరలు తక్కువ నుంచి ఎక్కువకు సర్దుకుంటాయి, టికెట్లు తేదీల వారీగా వచ్చి నిలబడతాయి. ఆ లైను వెనక పనిచేసే కోడ్ అతను రాసింది కాదు, చాలామంది విషయంలో చదివింది కూడా కాదు. ఎవరో ఒకసారి రాసి, పరీక్షించి, అందరూ వాడుకునేలా లైబ్రరీలో పెట్టారు. వాడేవాడికి తెలిసేదల్లా డాక్యుమెంటేషన్: ఏమిస్తే ఏమొస్తుంది, ఎప్పుడు తప్పు చూపిస్తుంది, దేనికి హామీ ఇస్తుంది. ఇవాళ మనం వాడే సాఫ్ట్‌వేర్ చాలావరకు ఇలాంటి హామీల మీద మరిన్ని హామీలు పేర్చి కట్టిందే.

మరి కాగితం మీద హామీ ఒకలా, లోపల పని ఇంకోలా ఉంటే? అది కనిపెట్టినవాళ్ళు ఆ తేడాను ఎలా చెప్పాలి? విన్నవాళ్ళు దేన్ని దిద్దాలి, మాటనా, పనినా? చూడ్డానికి ఇది ఆఫీసు వ్యవహారంలా ఉంటుంది గానీ, నా దృష్టిలో ఇది శాస్త్రంలో జరిగే పనే. డాక్యుమెంటేషన్ ఒక ప్రతిపాదన. దానికి ఎదురు నిలిచే ఒక్క ఉదాహరణ చూపించగలిగితే ఆ ప్రతిపాదన పడిపోతుంది. ఎంత పేరున్నవాళ్ళు రాశారు, ఎన్నేళ్ళుగా ఎన్ని కోట్ల మంది వాడుతున్నారు అన్నవి ఆ ఒక్క ఉదాహరణ ముందు పనికిరావు. టిమ్‌సార్ట్ కథ దీనికి నాకు తెలిసినవాటిలో మేలైన సాక్ష్యం.

2002లో టిమ్ పీటర్స్ పైథాన్ భాష కోసం కొత్త సార్టింగ్ పద్ధతి ఒకటి రాశాడు. ఆయన పేరు మీదే దాన్ని టిమ్‌సార్ట్ అంటున్నారు. నిజ జీవితంలో మన చేతికొచ్చే జాబితాలు పూర్తిగా చిందరవందరగా ఉండవని ఆయన గమనించాడు. అక్కడక్కడా అప్పటికే వరసలో ఉన్న ముక్కలు దొరుకుతాయి. ఆ ముక్కలను గుర్తించి, ఒకదానితో ఒకటి కలుపుకుంటూ పోతే పని బాగా తగ్గుతుంది.

పరీక్ష పేపర్లు దిద్దిన మాస్టారు మార్కుల వరసలో పేర్చిన కట్టలు బల్ల మీద పెట్టుకుంటూ పోతున్నారనుకోండి. కొత్త కట్ట వచ్చినప్పుడల్లా పక్కపక్కనున్న రెండు కట్టలను కలిపి ఒకటి చేయాలా, ఇంకాసేపు ఆగాలా అని తేల్చుకోవాలి. ఇరవై పేపర్ల కట్టను రెండు వందల పేపర్ల కట్టలో కలపడం దండగ, దాదాపు సమానంగా ఉన్నవి కలిపితేనే శ్రమ కలిసొస్తుంది. అలాగని కలపకుండా వదిలేస్తూ పోతే బల్ల మీద చోటు చాలదు.

టిమ్ పీటర్స్ ఇందుకు రెండు నియమాలు పెట్టాడు. ఎదురుచూస్తున్న ముక్కల పొడవులను వచ్చిన వరసలో రాసుకుంటే, ప్రతి ముక్కా తన తర్వాతి ముక్క కంటే పెద్దదిగా ఉండాలి. అంతేకాదు, తన తర్వాత వచ్చే రెండు ముక్కల మొత్తం కంటే కూడా పెద్దదిగా ఉండాలి. నియమం తప్పితే కలపాలి, నిలబడితే ఆగాలి. ఆ రెండో నియమంలో పెద్ద లాభం ఉంది. చివరి నుంచి వెనక్కి లెక్కపెడితే పొడవులు ఫిబొనాచ్చి సంఖ్యల కంటే వేగంగా పెరగాలి కాబట్టి, ఎంత పెద్ద జాబితా అయినా ఒకేసారి ఎదురుచూసే ముక్కలు కొన్ని పదులు దాటవు. వాటి వివరాలు రాసుకోడానికి చిన్న పట్టిక చాలు. జావాలో ఆ పట్టికకు పెద్ద జాబితాల కోసం 40 గడులు ఇచ్చారు.

2011లో వచ్చిన జావా 7లో ఆబ్జెక్టులను వరసలో పెట్టే పని టిమ్‌సార్ట్‌కే అప్పగించారు. ఆండ్రాయిడ్‌లోనూ అదే నడిచింది. పట్టికకు అన్ని గడులే ఎందుకు సరిపోతాయో కోడ్ పక్కనే కామెంట్లలో రాసి ఉంది: ముక్కలను కలిపే ఫంక్షన్ ఆ రెండు నియమాలనూ నిలబెడుతుంది అని. చదివితే సబబుగానే ఉంటుంది. ఏళ్ళ తరబడి లోకమంతా వాడింది కూడా.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత, కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడబ్ల్యూఐకి చెందిన స్టేన్ డి గౌ, జర్మనీలో ఉన్న సహచరులతో కలిసి ఈ కోడ్‌ను చేపట్టింది తప్పు పట్టడానికి కాదు, ఒప్పని నిరూపించడానికి. వాళ్ళ దగ్గర కీ అనే పనిముట్టు ఉంది. జావా ప్రోగ్రాము ఫలానా హామీని ఎప్పుడూ నిలబెడుతుందని గణితపరంగా నిరూపించడంలో అది సాయపడుతుంది. అప్పటికే కౌంటింగ్ సార్ట్, రాడిక్స్ సార్ట్ అనే రెండు పద్ధతులను దాంతో నిరూపించారు. తర్వాత ఇంకా గట్టిది కావాలనుకుని టిమ్‌సార్ట్ మీద పడ్డారు. ముక్కలు కలిపే ఫంక్షన్ దగ్గరకొచ్చేసరికి నిరూపణ ఆగిపోయింది. కామెంట్ చెబుతున్న మాటను కోడ్ నుంచి రాబట్టడం కుదరలేదు. ఇలాంటప్పుడు మన నిరూపణలో లోపముందా, అవతలి మాటలో లోపముందా అన్నది వెంటనే తెలియదు. వాళ్ళు ఓపిగ్గా తవ్వితే అవతలి మాటలోనే దొరికింది.

వాళ్ళిచ్చిన ఉదాహరణ ఐదు సంఖ్యలది, కాగితం మీద చేసి చూసుకోవచ్చు. ఎదురుచూస్తున్న ముక్కల పొడవులు 120, 80, 25, 20. వీటిలో 120 అన్నది 80, 25 కలిపిన 105 కంటే ఎక్కువ. 80 అన్నది 25, 20 కలిపిన 45 కంటే ఎక్కువ. నియమాలు నిలిచాయి. ఇప్పుడు 30 పొడవున్న కొత్త ముక్క వచ్చింది. 20, 30 కలిస్తే 50. ముందున్న 25 అంతకంటే చిన్నది కాబట్టి నియమం తప్పింది, కలపాలి. కోడ్ 25నూ 20నీ కలిపి 45 చేస్తుంది. ఇప్పుడు వరస 120, 80, 45, 30. ఫంక్షన్ చివరి మూడింటినీ మళ్ళీ చూస్తుంది: 80 అన్నది 75 కంటే ఎక్కువ, 45 అన్నది 30 కంటే ఎక్కువ. అంతా బాగుందని ఆగిపోతుంది. కానీ వెనకున్న 120 సంగతేమిటి? దాని తర్వాతి రెండూ కలిస్తే 125. నియమం తప్పింది, ఫంక్షన్ అటు తిరిగి చూడలేదు.

చివరి మూడు ముక్కలను సరిచూస్తే చాలు, వెనకున్నవి వాటంతటవే సరిగ్గా ఉంటాయి అన్న నమ్మకం రాసిన అందరికీ ఉంది. మధ్యలో ఒక ముక్క పొడవు పెరిగితే దాని వెనక ఉన్నదానికి కూడా లెక్క మారుతుందన్నది తప్పిపోయింది.

ఒక్కచోట నియమం తప్పితే వెంటనే కొంప మునగదు. జాబితా అప్పటికీ సరైన వరసలోకే వస్తుంది. అయితే ఇలాంటి తప్పులు ఒకదాని వెనక ఒకటి వచ్చేలా జాబితాను కావాలని తయారుచేస్తే, ఎదురుచూసే ముక్కల సంఖ్య అనుకున్నదాన్ని మించిపోతుంది. పట్టికలో గడులు అయిపోతాయి, జావా ప్రోగ్రాము హద్దు దాటిందంటూ ఆగిపోతుంది. వాళ్ళు లెక్కకట్టిన ప్రకారం జావాలో ఇందుకు 6,71,08,864 అంశాలున్న జాబితా చాలు. అది సర్వర్ల మెమరీలో తేలిగ్గా పట్టే సంఖ్యే. పైథాన్‌లో పట్టికకు అప్పట్లో 85 గడులు ఉండేవి కాబట్టి అక్కడ ఐదున్నర కోట్ల కోట్లకు పైగా అంశాలు కావలసి వచ్చేవి. అన్నింటిని ఉంచుకోగల మెమరీ అప్పట్లో ఏ ఒక్క కంప్యూటర్‌లోనూ లేదు.

2015లో వాళ్ళు రాసిన నివేదికలో నాకు అన్నింటికంటే నచ్చేది దాని పొందిక. కామెంట్ ఏమంటోందో చూపించారు. కోడ్ ఏం చేస్తోందో ఐదు సంఖ్యలతో చూపించారు. ఎవరైనా తమ యంత్రం మీద నడిపి చూసుకోగలిగే ప్రోగ్రాము ఇచ్చారు, నడిపితే క్రాష్ అవుతుంది. ఆ పైన రెండు దారులు చెప్పారు. మొదటిది, ఫంక్షన్ చివరి మూడింటితో ఆగకుండా నాలుగో ముక్కను కూడా సరిచూసేలా షరతు చేర్చడం. అలా చేస్తే కామెంట్‌లో ఉన్న మాట నిజమవుతుంది, ఆ నిజాన్ని కీతో నిరూపించి మరీ చూపించారు. రెండోది, ఫంక్షన్ జోలికి పోకుండా పట్టికనే పెద్దది చేయడం. మొదటి దారే మంచిదని వాళ్ళ సలహా.

పైథాన్‌వాళ్ళు మొదటి దారి పట్టారు. తమ దగ్గర ఆ క్రాష్ వచ్చే అవకాశమే లేదని తెలిసినా, రాసిన మాట తప్పని తేలింది కాబట్టి కోడ్ దిద్దారు. మన ఉదాహరణలోనే చూడండి. దిద్దిన కోడ్ 120, 80, 45, 30 దగ్గర ఆగదు. 120 అన్నది 125 కంటే తక్కువని చూసి 45నూ 30నీ కలిపి 75 చేస్తుంది. 80, 75 కలిస్తే 155, అది 120 కంటే ఎక్కువ కాబట్టి వాటినీ కలుపుతుంది. మిగిలిన 120, 155 కూడా కలిసిపోయి 275 పొడవున్న ఒకే ముక్క మిగులుతుంది.

జావావాళ్ళు రెండో దారి పట్టారు. ఫంక్షన్‌ను అలాగే ఉంచి, పట్టికలో 40 గడులను 49 చేశారు. అంతకు ముందే ఒకసారి, కాస్త చిన్న జాబితాలకు వాడే పట్టిక చాలక క్రాష్ వచ్చిందని ఫిర్యాదు వస్తే, అక్కడ 19ని 24 చేసి ఊరుకున్నారు. ఆ ఫిర్యాదులో లక్షణం ఒక్కటే ఉంది, కామెంట్‌తో పోల్చి చూడలేదు. అందుకే మాట తప్పిందన్న సంగతి అప్పట్లో ఎవరి దృష్టికీ రాలేదు. 2015 నివేదికలో అది స్పష్టంగా ఉంది. అయినా గడులు పెంచే పద్ధతే మళ్ళీ వచ్చింది. కోట్ల ప్రోగ్రాములు ఆధారపడిన కోడ్‌లో తర్కం ముట్టుకోవడానికి జంకడం నాకు అర్థమవుతుంది. పట్టిక పెంచితే దేన్నీ చెడగొట్టినట్టు కాదు. కానీ ఆ మార్పు తర్వాత కూడా కామెంట్ చెప్పేదొకటి, కోడ్ చేసేదొకటి.

2018లో ఫ్రాన్స్‌లో నికొలా ఓజే, వాన్సాన్ జ్యూజే, సిరిల్ నికో, కరీన్ పివొతో అనే నలుగురు పరిశోధకులు టిమ్‌సార్ట్‌ను మళ్ళీ తెరిచారు. వాళ్ళకు కావలసింది వేరు. టిమ్‌సార్ట్ ఎంత పెద్ద జాబితాకైనా ఫలానా కాలపరిమితి దాటదని అందరూ చెబుతూ వచ్చారు గానీ, చాలా ఏళ్ళపాటు ఎవరూ దాన్ని నిరూపించలేదు. ఆ నిరూపణ రాస్తూ జావా కోడ్‌ను దగ్గరగా చూస్తే, 49 గడులు కూడా చాలవని తేలింది. 49 చాలని చెప్పిన లెక్కలోనే పొరపాటు ఉంది. ఎదురు ఉదాహరణ తయారుచేసి నడిపితే జావా మళ్ళీ క్రాష్ అయింది. ఈసారి జావావాళ్ళు పట్టికను వదిలి, పైథాన్ మూడేళ్ళ ముందు చేర్చుకున్న షరతునే తమ ఫంక్షన్‌లో చేర్చారు. అదే ఏడాది వచ్చిన జావా 11లో ఆ దిద్దుబాటు ఉంది. ఇలా క్రాష్ చేయించే జాబితాలను తయారుచేసే ప్రోగ్రాములు ఇప్పుడు జావా టెస్టుల్లో భాగమయ్యాయి. ఇకముందు ఎవరు ఆ ఫంక్షన్‌ను మార్చినా వాటిని దాటుకునే పోవాలి.

ఒక తప్పుడు మాటను వదిలేసి దాని చుట్టూ జాగ్రత్తలు పెంచితే, ఆ జాగ్రత్తల లెక్క కూడా ఆ తప్పుడు మాట చుట్టూనే తిరుగుతుంది. నిబద్ధత గల నిపుణులు చేసిన లెక్క కూడా తప్పడానికి కారణం, నియమం తప్పిన వరసలు ఎన్ని రకాలుగా ఉండగలవో లెక్కించడం చాలా కష్టం. నియమం నిలిచిన వరసల లెక్క ఇంటర్ విద్యార్థి కూడా వేయగలడు.

ఇక్కడ ఉదాహరణ ఎంత చిన్నదైతే నివేదిక అంత బలంగా ఉంటుందన్న సంగతి గురించి కొంచెం చెప్పాలి. ఇందుకు తెలుగువాళ్ళకు మరిచిపోలేని సందర్భం ఒకటి ఉంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లు క్రాష్ అవుతున్నాయని ప్రపంచమంతా వార్త గుప్పుమంది. ఐఓఎస్ 11.2.5 వాడుతున్న ఫోన్‌కు ఆ అక్షరమున్న సందేశం వస్తే, దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ కూలేది. మన ‘జ్ఞా’ మీద నింద పడింది. తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోందని శీర్షికలు పెట్టారు.

నిజానికి జ్ఞానం, విజ్ఞానం అని రాసుకున్నవాళ్ళ ఫోన్లకు ఏమీ కాలేదు. తర్వాత జాగ్రత్తగా విడదీసి చూసినవాళ్ళు తేల్చిందేమిటంటే, ఆ వరసలో ఉన్నవి ఐదు సంకేతాలు: జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక సంకేతం, ఆ పైన దీర్ఘం. రెండు అక్షరాలు కలిసిపోకుండా విడిగా ఉంచమని చెప్పడానికి యూనికోడ్‌లో ఉన్న సంకేతమే ఆ నాలుగోది. అది మామూలుగా ఆ చోట రాదు, వచ్చినా నేరం కాదు. యూనికోడ్ ప్రకారం ఎలాంటి వరస వచ్చినా చూపించే లైబ్రరీ దాన్ని ఎలాగోలా గీయాలి, కూలిపోకూడదు. దేవనాగరిలోనూ బెంగాలీలోనూ ఇలాంటి వరసలే అదే క్రాష్‌ను తెప్పించాయి. తప్పు తెలుగులో లేదు, అక్షరాలను తెర మీద గీసే ఆపిల్ లైబ్రరీలో ఉంది. 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు.

‘తెలుగు అక్షరం వస్తే క్రాష్’ అన్న నివేదికకూ, ‘హల్లు, పొల్లు, హల్లు, కనిపించని సంకేతం, అచ్చు గుర్తు, ఈ వరసలో వస్తే క్రాష్’ అన్న నివేదికకూ చాలా దూరం ఉంది. మొదటిది చదివిన ఇంజనీరు ఎక్కడ వెతకాలో తెలియక తల పట్టుకుంటాడు, పైగా ఒక భాషను అనుమానిస్తాడు. రెండోది చదివినవాడు నేరుగా ఆ సంకేతాన్ని సంభాళించే కోడ్ తెరుస్తాడు. ఇంగ్లిష్ కాని లిపుల్లో రాసేవాళ్ళు ఇలాంటి తేడాలు రోజూ చూస్తూనే ఉంటారు: వెతికితే దొరకని పేరు, అకారాది క్రమంలో తప్పు చోట కూర్చున్న ‘క్ష’, రెండు ముక్కలైపోయిన గుణింతం. చాలామంది చూసి ఊరుకుంటారు. ఊరుకోకుండా ఏ సంకేతాలు ఏ వరసలో ఇస్తే ఏం వచ్చిందో, ఏం రావాలని యూనికోడ్‌లో ఉందో నాలుగు లైన్లలో రాసి పంపితే, దాన్ని దిద్దే అవకాశం నిజంగా పెరుగుతుంది. మన భాష కోసం చేయదగిన సేవల్లో దీన్ని నేను చాలా పైన పెడతాను.

పంపే ముందు సరిచూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది వెర్షన్. మనం చదివింది కొత్త వెర్షన్ డాక్యుమెంటేషన్, యంత్రంలో ఉన్నది మూడేళ్ళ కిందటి లైబ్రరీ అయితే, తేడా కనిపించడంలో వింత లేదు. డాక్యుమెంటేషన్‌లోని వాక్యాన్ని సొంత మాటల్లో కాకుండా ఉన్నదున్నట్టు ఎత్తి రాయడం కూడా అంతే ముఖ్యం. చాలాసార్లు అలా ఎత్తి రాస్తున్నప్పుడే, ఆ వాక్యం మనం అనుకున్న మాట చెప్పడం లేదని తెలిసిపోతుంది. ఇక చూసిన దాన్ని ఊహించిన దానితో కలిపేయకూడదు. ‘ఇది ఇచ్చాను, ఇది వచ్చింది’ అన్నది సాక్ష్యం. ‘బహుశా మెమరీ సమస్య’ అన్నది అభిప్రాయం. అభిప్రాయం రాయొచ్చు, వేరే పేరాలో రాయాలి.

ఇంతవరకూ మాట్లాడుకున్నవాటిలో కోడ్ తప్పు చేసింది, దాన్నే దిద్దారు. అన్నీ అలా తేలవు. 2010 చివర్లో ఫెడోరా 14 అనే లైనక్స్ పంపిణీలో, 64 బిట్ ఫ్లాష్ ప్లేయర్‌తో పాటలు వింటే శబ్దం గరగరలాడుతోందని ఫిర్యాదులు వచ్చాయి. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ యంత్రంలోనూ అదే పరిస్థితి. ఆయన కూడా ఆ బగ్ రిపోర్ట్ చర్చలో దిగి కారణం వెతికారు. అది జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీలోని మెమ్‌కాపీ ఫంక్షన్ దగ్గర తేలింది. ఒకచోటి బైట్లను ఇంకోచోటికి నకలు తీయడమే దాని పని. తీసే చోటూ పెట్టే చోటూ ఒకదాని మీదకు ఒకటి రాకూడదని, వస్తే ఏమవుతుందో చెప్పలేమని డాక్యుమెంటేషన్‌లో ఎప్పటి నుంచో రాసి ఉంది. అలా వచ్చే సందర్భాలకు మెమ్‌మూవ్ అని వేరే ఫంక్షన్ ఉంది. ఫ్లాష్ ఆ నియమం పాటించలేదు.

మరి అన్నేళ్ళూ ఎలా నడిచింది? వరసలో 1, 2, 3, 4, 5, 6 ఉన్నాయనుకుందాం. రెండో చోటు నుంచి చివరి దాకా ఉన్నవాటిని ఒక్క అడుగు ఎడమకు జరపాలి. ముందు నుంచి ఒక్కొక్కటీ నకలు తీస్తే 2, 3, 4, 5, 6, 6 వస్తుంది, కోరుకున్నదే. వెనక నుంచి తీస్తే మొదట 6 వచ్చి 5 మీద కూర్చుంటుంది. తర్వాత అదే 6 మళ్ళీ 4 మీదకు వెళుతుంది. చివరికి మిగిలేది 6, 6, 6, 6, 6, 6. పాత మెమ్‌కాపీ ముందు నుంచి తీసేది కాబట్టి ఫ్లాష్ తప్పు బయటపడలేదు. కొన్ని ఇంటెల్ ప్రాసెసర్ల మీద వేగం కోసం, కొన్ని సందర్భాల్లో వెనక నుంచి తీసేలా కొత్త మెమ్‌కాపీ రాశారు. డాక్యుమెంటేషన్‌లో ఒక్క అక్షరం మారలేదు, హామీ ఏదీ తప్పలేదు, పాట మాత్రం పాడైంది.

డాక్యుమెంటేషన్‌ను గౌరవించాలనుకునేవాళ్ళకు ఇది ఇబ్బందికరమైన పరీక్ష. నియమం తప్పినవాడే దిద్దుకోవాలన్నది లైబ్రరీ పక్షం వాదన, కాగితం మీద దానికి ఎదురులేదు. పాట వింటున్న మనిషికి ఆ నియమంతో సంబంధం లేదు, నిన్నటిదాకా నడిచింది ఇవాళ నడవకపోతే అది లైబ్రరీ చేసిన చెడే అన్నది టోర్వాల్డ్స్ వాదన. నేను ఈ రెండో వైపే మొగ్గుతాను. వాడేవాళ్ళు కోట్లలో ఉన్నప్పుడు లైబ్రరీ చేసే ప్రతి పనీ, రాసినా రాయకపోయినా, ఎవరో ఒకరికి ఆధారమైపోతుంది. అయితే జీలిబ్‌సీ చివరకు చేసిన ఏర్పాటు రెండు పక్షాలకూ న్యాయం చేసింది. 2011లో వచ్చిన 2.14 వెర్షన్‌లో మెమ్‌కాపీని రెండుగా విడదీశారు. అప్పటికే తయారై ఉన్న ప్రోగ్రాములకు, చోట్లు ఒకదాని మీద ఒకటి వచ్చినా చెడగొట్టని పాత పద్ధతి. కొత్తగా తయారయ్యే వాటికి వేగమున్న కొత్త మెమ్‌కాపీ, పాత షరతుతోనే. మాటా మారలేదు, మాటను నమ్మకుండా పనిని నమ్మినవాళ్ళూ వీధిన పడలేదు.

మాట తప్పడం కాకుండా, మాటే లేకపోవడం ఇంకో రకం. డేటాబేస్‌లకు ఎఫ్‌సింక్ అనే పిలుపు ప్రాణం లాంటిది. రాసినదంతా నిజంగా డిస్క్ మీదకు చేర్చి, చేరిందో లేదో చెప్పమని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగడం అది. చేరలేదని జవాబొస్తే? కాసేపాగి మళ్ళీ అడగవచ్చు, రెండోసారి సరే అంటే మొత్తం చేరినట్టే అని పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ రాసినవాళ్ళు చాలా ఏళ్ళుగా అనుకుంటూ వచ్చారు. విఫలమైన తర్వాత ఆ డేటా సంగతి ఏమవుతుందో డాక్యుమెంటేషన్ తేల్చి చెప్పలేదు. ఆ ఖాళీని ఎవరికి తోచినట్టు వాళ్ళు పూరించుకున్నారు.

లైనక్స్ చేసేది వేరు. డిస్క్ మీద రాత విఫలమైతే, మెమరీలో ఉన్న ఆ పేజీని ఇక రాయనవసరం లేనిదిగా గుర్తు పెట్టేస్తుంది. జరిగిన తప్పును ఒకసారి చెబుతుంది. రెండోసారి అడిగితే పెండింగ్‌లో ఏమీ లేదు కాబట్టి సరే అంటుంది. డేటా మాత్రం పోయింది. 2018లో పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఒకరు, ఒక నిజమైన డేటా నష్టాన్ని వెంబడించి ఈ సంగతిని తన బృందం ముందు పెట్టారు. విని చాలామంది నమ్మలేకపోయారు. బగ్ ఎవరిదన్న చర్చ రెండు వైపులా పెద్దగానే సాగింది. లైనక్స్ వైపు కారణాలు వాళ్ళకున్నాయి. ఊడిపోయిన యూఎస్‌బీ డిస్క్ కోసం, ఎప్పటికీ రాయలేని పేజీలను మెమరీలో పట్టుకుని కూర్చుంటే యంత్రమే ఊపిరాడక ఆగిపోతుంది.

2019 ఫిబ్రవరిలో పోస్ట్‌గ్రెస్ తన వాడుకలో ఉన్న వెర్షన్లన్నింటిలో తీరు మార్చుకుంది. ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైనా సర్వర్ వెంటనే ఆగిపోతుంది, తిరిగి లేచి తన లాగ్ నుంచి ఆ మార్పులన్నీ మళ్ళీ రాసుకుంటుంది. పాత పద్ధతే కావాలనుకునేవాళ్ళకు ఒక సెట్టింగ్ మిగిల్చారు. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. దాని డాక్యుమెంటేషన్ తెరిస్తే, మీ ఆపరేటింగ్ సిస్టమ్ రాత విఫలమైనప్పుడు మెమరీలోని డేటాను ఏం చేస్తుందో విచారించి తెలుసుకున్నాకే దీన్ని ఆన్ చేయమని ఉంటుంది. అంతకు ముందు ఆ ప్రశ్న అడగాలని చాలామందికి తట్టలేదు.